హరిలాల్ గాంధీ ఎందుకలా అయ్యాడు? 1936 నుంచి చదివితే అర్థం కాదు

"గాంధీ పెద్దకొడుకు హరిలాల్ తాగుబోతు అయ్యాడు, మతం మారాడు, తండ్రి పరువు తీశాడు అని కొందరంటారు. కన్నకొడుకుని చదివించని మనిషి మహాత్ముడు ఎలా అయ్యాడని ఇంకొందరంటారు. ఇందులో నిజం ఎంత?" ఇదీ మీరు అడిగింది.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లో అక్టోబరు 2 వచ్చిందంటే ఎవరో ఒక విద్యార్థి ఈ ప్రశ్న వేసేవాడు. వాట్సాప్ వచ్చాక దీనికి పండగలూ తిథులూ లేవు, ఏడాదంతా వస్తూనే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హరిలాల్ జీవితం దాదాపు 1915 దగ్గర రెండు ముక్కలవుతుంది. మొదటి ముక్కలో తండ్రి మీద అతని ఫిర్యాదులో చాలా న్యాయం ఉంది. రెండో ముక్కలో జరిగినదానికి చాలావరకు అతనే బాధ్యుడు. మనవాళ్ళు సాధారణంగా 1936లో మతం మారిన సంగతితో మొదలుపెట్టి వెనక్కి వెళ్లరు. అందుకే గాంధీ అభిమానికి చెడ్డకొడుకు, గాంధీ అంటే గిట్టనివాడికి రాతిగుండె తండ్రి దొరికిపోతారు.

హరిలాల్ 1888లో పుట్టాడు. ఆ ఏడాది సెప్టెంబరు 4న గాంధీ బారిస్టరు చదువుకి లండన్ ఓడ ఎక్కారు. అప్పటికి పిల్లవాడు పొత్తిళ్లలో ఉన్నాడు. తండ్రి తిరిగొచ్చింది 1891లో. మళ్లీ 1893లో దక్షిణాఫ్రికా వెళ్లి, భార్యాబిడ్డల్ని తీసుకెళ్లడానికి 1896లో వచ్చారు. అంటే హరిలాల్‌కి ఎనిమిదేళ్లు వచ్చేసరికి తండ్రి ఇంట్లో ఉన్నది మహా అయితే రెండేళ్లు. అది అప్పటి కుటుంబాల్లో వింతేమీ కాదు, ఉమ్మడి కుటుంబంలో పెదనాన్నలూ నాయనమ్మలూ పెంచేవారు. కానీ తర్వాత జరిగినవాటికి ఇది పునాది.

డర్బన్ చేరాక పిల్లల చదువు సమస్య వచ్చింది. తెల్లవాళ్ల పిల్లల బడులు ఉన్నాయి. గాంధీ పేరున్న లాయరు కాబట్టి ఆయన పిల్లల్ని మాత్రం చేర్చుకునేవారే. మిగతా భారతీయుల పిల్లలకి లేని అవకాశం నా పిల్లలకి వద్దని ఆయన పంపలేదు. కొన్నాళ్లు నెలకి 7 పౌండ్ల జీతంతో ఒక ఇంగ్లిష్ టీచరమ్మని ఇంట్లో పెట్టారు, అది సరిపోలేదు. తర్వాత జొహన్నెస్‌బర్గ్‌లో ఇంటి నుంచి ఆఫీసుకి రోజూ కొన్ని మైళ్లు నడుస్తూ, దారిలో కొడుకులతో గుజరాతీలో మాట్లాడుతూ పాఠాలు చెప్పేవారు. ఆ సంగతి ఆత్మకథలో రాస్తూ ఆయన చిన్న మినహాయింపు ఒకటి పెట్టారు: పెద్దవాడు హరిలాల్ తప్ప, అతను అప్పుడు ఇండియాలో ఉండిపోయాడు అని. నాకు ఆ వాక్యం ఎప్పుడూ గుచ్చుకుంటుంది. బడి చదువు నలుగురికీ లేదు. నడకలో తండ్రి చెప్పిన ఆ చదువు కూడా లేనిది మాత్రం హరిలాల్‌ ఒక్కడికే.

ఇండియాలో ఉన్నప్పుడే రాజకోట లాయరు హరిదాస్ వోరా కూతురు గులాబ్‌తో ప్రేమ కుదిరింది. ఇంట్లో ఆమెని చంచల్ అనేవారు. 1906 మే నెలలో పెదనాన్న లక్ష్మీదాస్ ఆధ్వర్యంలో పెళ్లి జరిగిపోయింది. పెళ్లికొడుక్కి నిండా పద్దెనిమిదేళ్లు లేవు. అంత తొందరగా వద్దని గాంధీ చెబుతూ వచ్చారు. పెళ్లైందని తెలిశాక అన్నగారికి రాసిన ఉత్తరంలో, చేసుకున్నా మంచిదే, చేసుకోకపోయినా మంచిదే, ప్రస్తుతానికి మాత్రం వాణ్ణి కొడుకుగా అనుకోవడం మానేశాను అని రాశారు. పదమూడేళ్లకి పెళ్లైన మనిషి ఆయన. దాని గురించి జీవితమంతా సిగ్గుపడ్డారు కాబట్టే కొడుకు విషయంలో అంత కటువుగా ఉన్నారని సర్దిచెప్పవచ్చు. పైగా ఆయన బ్రహ్మచర్య వ్రతం పట్టింది కూడా ఆ 1906లోనే. తండ్రి సంసారం వదులుకుంటున్న ఏడాదే కొడుకు సంసారంలోకి అడుగుపెట్టాడు.

ఇంత జరిగాక ఆ కుర్రాడు తండ్రికి దూరంగా పోవాలి కదా? పోలేదు. దక్షిణాఫ్రికా వెళ్లి తండ్రి ఉద్యమంలో దిగాడు. హరిలాల్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా దాటేసేది ఈ భాగాన్నే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

జొహన్నెస్‌బర్గ్ ఉన్న ట్రాన్స్‌వాల్ ప్రాంతంలో భారతీయులందరూ వేలిముద్రలిచ్చి రిజిస్టరు కావాలన్న చట్టం మీద పోరాటం నడుస్తోంది. 1908 ఫిబ్రవరిలో, ప్రభుత్వంతో రాజీ చేసుకున్నారన్న కోపంతో మీర్ ఆలం అనే పఠాను, అతని మనుషులు గాంధీని నడివీధిలో స్పృహ తప్పేదాకా కొట్టారు. ఆ తర్వాత హరిలాల్ తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు: నేను ఆ సమయంలో అక్కడ ఉంటే ఏం చేయాల్సింది? పారిపోవాలా, చూస్తూ నిలబడాలా, కలబడాలా? హింస చేసైనా సరే నన్ను కాపాడటం నీ ధర్మం అని గాంధీ చెప్పారు. ఈ సంగతి ఆయనే 1920లో రాశారు. పిరికితనమా హింసా అని వస్తే హింసే మేలు అన్న గాంధీ మాటని అందరూ ఉదహరిస్తారు. ఆ వ్యాసంలోనే ఉందిది. ప్రశ్న అడిగిన 'పెద్దకొడుకు' ఎవరో మాత్రం చాలామందికి తట్టదు.

రాజీ చెడింది. లైసెన్సు చూపించకుండా వీధుల్లో సరుకు అమ్మి జైలుకి వెళ్లడం అప్పటి సత్యాగ్రహ పద్ధతి. 1908 జులైలో హరిలాల్ పళ్లబుట్ట పట్టుకుని జొహన్నెస్‌బర్గ్ వీధుల్లో తిరిగాడు, అరెస్టయ్యాడు. కోర్టులో అతని తరఫు లాయరు ఎవరనుకున్నారు? తండ్రే. జరిమానా కట్టకుండా వారం రోజుల కఠినశిక్షకి వెళ్లాడు. సొంత కొడుకుని ఎందుకు జైలుకి పంపారని జనం అడిగితే గాంధీ తన పత్రికలో జవాబు రాశారు: నేను అటార్నీని కాబట్టి స్వయంగా బుట్ట పట్టుకుని తిరగలేను, ఇతరులకి చెప్పే పని నా కొడుక్కీ చెప్పాలి, దేశం కోసం జైలుకి పోవడం హరిలాల్ చదువులో భాగం అని.

చదువులో భాగం! ఇరవయ్యేళ్ల కుర్రాడు, ఒళ్లో పసిపిల్లతో భార్య, అతను అడుగుతున్నది కాలేజీ చదువు. దొరికింది జైలు. అయినా సణగలేదు. మళ్లీ మళ్లీ వెళ్లాడు, ఆరునెలల శిక్షలు కూడా అనుభవించాడు. 1909లో వోక్స్‌రస్ట్ జైల్లో కొన్నాళ్లు తండ్రీకొడుకులు ఒకేచోట ఉన్నారు. అక్కడి భారతీయులు అతన్ని చిన్న గాంధీ అని పిలిచేవారు. 1911 దాకా ఇతను పనికిమాలిన కొడుకు అన్నవాడు ఒక్కడూ లేడు. చేతకానివాడు, సోమరి అనే ముద్రలన్నీ తర్వాత వచ్చి వెనక్కి అంటుకున్నవి.

అసలు దెబ్బ స్కాలర్‌షిప్ దగ్గర తగిలింది. రంగూన్‌లో ఉండే ప్రాణజీవన్ మెహతా, లండన్ రోజుల నుంచి గాంధీకి దగ్గరి స్నేహితుడు, ఒకరిని ఇంగ్లండ్ పంపి చదివించడానికి డబ్బు ఇస్తానన్నారు. గాంధీ కొడుకుల్లో ఒకరు వెళ్తే బాగుంటుందన్నది ఆయన ఆలోచన. గాంధీ మాత్రం తన అన్నగారి వరస కొడుకు ఛగన్‌లాల్‌ని పంపారు. ఛగన్‌లాల్ ఆరోగ్యం చెడి మధ్యలోనే తిరిగొచ్చాడు. అప్పుడైనా తన వంతు వస్తుందని హరిలాల్ ఆశపడ్డాడు. ఈసారి సొరాబ్జీ షాపుర్జీ అడజానియా అనే పార్సీ యువకుడికి ఇచ్చారు. సొరాబ్జీ మంచి కార్యకర్త, అర్హత లేనివాడేం కాదు. బారిస్టరై తిరిగొచ్చి పాపం చిన్నవయసులోనే క్షయతో పోయాడు.

గాంధీ వాదన మనకి తెలుసు. ప్రజల డబ్బు, మిత్రుల డబ్బు నా ఇంటికి రాకూడదు. మన నాయకుల కొడుకులూ అల్లుళ్లూ కాంట్రాక్టులూ టికెట్లూ ఎలా తెచ్చుకుంటారో చూస్తున్న మనకి ఈ మాట వింటే కళ్లు చెమరుస్తాయి. హరిలాల్ వైపు నుంచి చూడండి. ఛగన్‌లాల్‌తో పోటీలో అతను ఓడిపోలేదు, పోటీలోకే రానివ్వలేదు. గాంధీ కొడుకు కావడమే అతని అనర్హత అయింది. ఇంకో సంగతి, తండ్రి ఏ మెట్లెక్కి ఆ స్థాయికి వచ్చారు? ఇంగ్లిష్ చదువు, లండన్, బారిస్టరు పట్టా, అదీ అన్నగారు చేసిన ఖర్చుతో. పైకెక్కాక ఆ నిచ్చెన పనికిరాదని తెలుసుకున్నారు, నిజమే. కొడుక్కి ఎక్కి చూసి తెలుసుకునే అవకాశం లేకపోయింది.

1911 మే నెలలో హరిలాల్ ఇల్లు వదిలాడు. ఎవరికీ చెప్పకుండా, తండ్రి ఫోటో ఒకటి పెట్టుకుని, పోర్చుగీసువాళ్ల డెలగోవా బే రేవుకి చేరాడు. అక్కడ ఎవరో గుర్తుపట్టడంతో తిరిగొచ్చాడు. తండ్రీకొడుకులు రాత్రంతా మాట్లాడుకున్నారు. ఆ తర్వాత గాంధీ ఛగన్‌లాల్ తమ్ముడు మగన్‌లాల్‌కి రాసిన ఉత్తరం చదివితే మనసు పట్టేస్తుంది. నలుగురు కొడుకుల్నీ నేను అణచిపెట్టాననీ, వాళ్ల ఇష్టాలని ఏనాడూ లెక్కచేయలేదనీ, చాలాసార్లు కఠినంగా ఉన్నాననీ వాడి బాధ అని రాశారు. ఈ నింద వాడు ఎంతో మర్యాదగా, తటపటాయిస్తూ వేశాడని కూడా రాశారు. కొడుకు మర్యాదని గమనించి రాసుకున్న తండ్రి ఆయన. ఇద్దరి మధ్యా ప్రేమ లేదనే మాట నేను అందుకే ఒప్పుకోను.

అక్కడి నుంచి అహ్మదాబాద్ వచ్చి, పెళ్లాం పిల్లలున్న మనిషి పిల్లల మధ్య కూర్చుని మెట్రిక్యులేషన్ చదివాడు. సంస్కృతం వదిలి ఫ్రెంచ్ ఎందుకు తీసుకున్నావని తండ్రి ఉత్తరాల్లో మందలింపు. పరీక్ష ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తప్పాడు. పునాది లేకుండా ఇరవై మూడేళ్లకి మొదలుపెట్టిన చదువు అలాగే ఉంటుంది.

1915లో గాంధీ ఇండియా వచ్చేశారు. ఆ మార్చి 31న హరిలాల్ తండ్రికి ఒక పొడుగాటి ఉత్తరం రాసి, అచ్చువేయించి కావలసినవాళ్లకి పంచాడు. సగం బహిరంగ లేఖ అనవచ్చు. మమ్మల్ని మా శక్తి ఏమిటో మేమే తెలుసుకోనివ్వలేదు, మా తూకం మీరే వేశారు, అమ్మ సంగతీ అంతే, చదువు మీద మీ అభిప్రాయం మా మీద ప్రయోగించారు అన్నది దాని సారం. హరిలాల్ గురించి ఏదైనా ఒక్కటే చదవాలంటే అది చదవమంటాను. తాగుబోతు ప్రేలాపన కాదది. వాదన ఉంది, ఉదాహరణలున్నాయి. అందులోని కొన్ని విషయాలకి ఈనాటికీ జవాబు లేదు.

ఇక్కడితో నా సానుభూతి తగ్గుతుంది. కలకత్తాలో వ్యాపారం, ఉద్యోగం, ఒకటీ నిలవలేదు. సట్టా వ్యాపారంలో తనది కాని డబ్బు పోగొట్టాడు. 1916లో తమ్ముడు మణిలాల్ తన దగ్గర దాచమని ఇచ్చిన డబ్బులోంచి అన్నకి పంపాడని తెలిసి గాంధీ మణిలాల్‌ని ఆశ్రమం నుంచి పంపించేశారు. అన్న తప్పుకి తమ్ముడు వెలి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చంచల్ పోయింది. ఒక పిల్లవాడూ ఆ ఏడాదే పోయాడు. అతన్ని పట్టి ఉంచిన మనిషి ఆమె. మారుపెళ్లి చేసుకుంటానంటే గాంధీ సమ్మతించలేదు. మిగిలిన పిల్లల్ని చంచల్ అక్కచెల్లెళ్లలో ఒకరైన బలీబెన్, ఆశ్రమంలో కస్తూర్బా చూసుకున్నారు. 1921లో సహాయ నిరాకరణలో కలకత్తాలో అరెస్టయ్యాడు, అప్పుడు తండ్రి మెచ్చుకుంటూ తంతి పంపారు. పాత చిన్న గాంధీ ఒకసారి తొంగిచూసి వెళ్లాడు, అంతే.

1925 నాటి సంగతి నా దృష్టిలో మతం మార్పిడి కంటే పెద్దది. ఆల్ ఇండియా స్టోర్స్ లిమిటెడ్ అనే కంపెనీకి హరిలాల్ ఒక డైరెక్టరు. గాంధీ పేరు చూసి లయల్‌పూర్‌లో ఒక ముస్లిం వర్తకుడు డబ్బు పెట్టాడు. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆయన లాయరు గాంధీకి ఉత్తరం రాశారు. గాంధీ ఆ ఉత్తరాన్ని తన వారపత్రిక యంగ్ ఇండియాలో అచ్చువేసి, దాని కిందే జవాబిచ్చారు: అవును, నేను హరిలాల్ తండ్రినే, అతని ఆదర్శాలూ నావీ వేరై చాలా ఏళ్లయింది, పెద్దపేరు చూసి డబ్బు పెట్టకండి, మంచివాళ్ల పిల్లలు మంచివాళ్లు కానక్కర్లేదు. పేపర్లో ఆ మాట వేయడం తండ్రికి తగునా అని మా క్లాసులో అమ్మాయిలు గొడవ చేసేవారు. అవతల పోయింది మూడోవాడి డబ్బు. ఆ పేరు వాడుకుని ఇంకెవరూ మునగకుండా ఆపాలంటే పత్రికలో చెప్పక ఇంకెలా? ఈ విషయంలో నేను తండ్రి పక్షం.

1929లో కొడుకు రసిక్ ఢిల్లీలో జబ్బు చేసి చనిపోయాడు, ఇంకా ఇరవయ్యేళ్లు నిండలేదు. తాగుడు ముదిరింది. మధ్యలో 1935 ప్రాంతంలో మారతానని తండ్రి దగ్గరకి వచ్చాడు, కొన్నాళ్లు బాగానే ఉన్నాడు, మళ్లీ జారిపోయాడు.

1936 గురించి అందరూ రాస్తారు కాబట్టి త్వరగా చెబుతాను. మే నెలలో ఇస్లాం తీసుకుని అబ్దుల్లా అయ్యాడు. బొంబాయి జుమ్మా మసీదులో పెద్ద సభ జరిగింది. గాంధీ హరిజన్ పత్రికలో రాసింది ఇది: మనస్ఫూర్తిగా మారి ఉంటే నాకు అభ్యంతరం లేదు, నా కొడుకు అప్పుల్లో ఉన్నాడు, తాగుతాడు, ఈ మార్పు డబ్బు కోసమేమోనని నా అనుమానం. కస్తూర్బా కొడుక్కి రాసిన ఉత్తరం కూడా పత్రికల్లో వచ్చింది. అతన్ని ఊరేగించినవాళ్లని కూడా ఆమె అందులో నిలదీసింది. కొన్ని నెలలకే, ఆ నవంబరులో, ఆర్యసమాజం ద్వారా వెనక్కి వచ్చి హీరాలాల్ అని పేరు పెట్టుకున్నాడు. రెండువైపులా వాడుకున్నారు, ఇతనూ వాళ్లని వాడుకున్నాడు. ఇందులో మతం పాలు చాలా తక్కువ.

తల్లి మీద ప్రేమ మాత్రం ఏ దశలోనూ పోలేదు. కట్నీ స్టేషన్ సంగతి మీరు వినే ఉంటారు. రైల్లో వెళ్తున్న తల్లిదండ్రుల పెట్టె దగ్గరికి, అందరూ మహాత్మాగాంధీకి జై అంటుంటే, ఇతనొక్కడు కస్తూర్బాకి జై అంటూ వచ్చాడు. జేబులోంచి నారింజపండు తీసి తల్లికిచ్చి, ఇది నువ్వే తినాలి అన్నాడు. నాకేం తెచ్చావని గాంధీ అడిగితే, మీకేం లేదు, మీరింత గొప్పవాళ్లైంది ఈవిడ వల్లే, అది గుర్తుంచుకోండి అన్నాడు. రమ్మని తల్లి పిలిస్తే, నేను చాలా దూరం వచ్చేశానమ్మా అని వెనక్కి తగ్గాడు.

1944 ఫిబ్రవరిలో పూనా ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండి కస్తూర్బా చివరి రోజుల్లో ఉంది. కొడుకుని చూడాలని అడిగితే వెతికి తెచ్చారు. తాగి వచ్చాడు. ఆమె నుదురు కొట్టుకుని ఏడ్చింది, అతన్ని బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఒకటి రెండు రోజులకే, 22న, ఆమె వెళ్లిపోయింది. దీన్ని ఏ తండ్రి ఖాతాలో రాస్తాం?

1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. మణిలాల్ దక్షిణాఫ్రికాలో ఉన్నాడు, చితికి నిప్పు పెట్టింది మూడో కొడుకు రామదాస్. హరిలాల్ ఆ జూన్ 18న బొంబాయి సేవ్రీ క్షయ ఆస్పత్రిలో పోయాడు. అరవయ్యేళ్లు నిండలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలో ముఖ్యమైన ముక్క: తండ్రి చదివించకపోవడమే కారణమా? అదే కారణమైతే నలుగురూ చెడిపోవాలి. మణిలాల్‌కీ కాలేజీ లేదు, ఒక ముస్లిం అమ్మాయిని చేసుకుంటానంటే 1926లో తండ్రి అడ్డుపడ్డారు, అయినా డర్బన్ దగ్గర తండ్రి పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమంలో ఆయన పత్రిక ఇండియన్ ఒపీనియన్‌ని చివరిదాకా నడిపాడు. దేవదాస్‌ని రాజాజీ కూతురు లక్ష్మితో పెళ్లికి ఏళ్ల తరబడి ఆగమన్నారు, ఆగాడు, తర్వాత హిందుస్థాన్ టైమ్స్ ఎడిటర్ అయ్యాడు. ఆ దెబ్బలు వాళ్లకీ తగిలాయి. కాకపోతే పెద్దవాడికి తగిలినప్పుడు తండ్రి ఇంకా నేర్చుకునే దశలో ఉన్నారు. గాంధీ కూడా ఆత్మకథలో ఇలాంటి మాటే అన్నారు: పెద్దకొడుకులో కనిపించే లోపాలు నా తొలి జీవితపు క్రమశిక్షణ లేనితనానికి ప్రతిధ్వని అని. అది పూర్తి ఒప్పుకోలు కాదని నాకనిపిస్తుంది. తన సుఖలాలస తప్పని ఒప్పుకున్నారు, తన కఠినత్వం తప్పని ఒప్పుకోలేదు. హరిలాల్ ఫిర్యాదు మొత్తం ఆ రెండోదాని మీదే.

పక్కనే ఒక చిన్న సవరణ, ఎందుకంటే ఇది రోజూ చూస్తున్నాను. నోవాఖలీలో గాంధీ చేయిపట్టుకుని నడిచిన మను, హరిలాల్ కూతురు మను, ఇద్దరు వేరు. మొదటి ఆమె జయసుఖ్‌లాల్ గాంధీ కూతురు. ఇద్దర్నీ కలిపేసి రాసిన పోస్టు ఏదైనా కనిపిస్తే మిగతాది చదవడం మానేయండి.

హరిలాల్ పిల్లలేమయ్యారని కూడా ఎవరో అడిగారు. కొడుకు కాంతి వైద్యం చదివి డాక్టరయ్యాడు. కాంతి కొడుకు శాంతి గాంధీ అమెరికా వెళ్లి గుండె సర్జన్ అయ్యి, తర్వాత కాన్సస్ రాష్ట్ర శాసనసభకి కూడా ఎన్నికయ్యాడు.

చదవాలని ఉంటే ఇతరుల తీర్పుల జోలికి ముందే పోకండి. గాంధీ సంపూర్ణ రచనలు వంద సంపుటాలు గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1906 నుంచి 1915 వరకు హరిలాల్‌కీ, చంచల్‌కీ, మగన్‌లాల్‌కీ రాసిన ఉత్తరాలు ఏరుకుని తేదీల వరసలో చదవండి, ఆ తర్వాత 1925 యంగ్ ఇండియా జవాబు, 1936 హరిజన్ వ్యాసం. చంచల్‌కి రాసినవి తప్పకుండా చూడండి. కొడుకు మీద కోపంగా ఉన్న రోజుల్లో కూడా కోడలికి ఆయన ఎంత మెత్తగా రాశారో తెలుస్తుంది.